బస్సు కదిలే ముందు రెండు నిమిషాలు

సంపాదకుల గారికి నమస్కారం.

విమానం కూలిపోయి, ముక్కూమొహం తెలియని పదిమంది అడవిలో ప్రాణాలు నిలుపుకొనే సస్పెన్స్ థ్రిల్లర్లకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. ఇంటర్ చదివే మా మనవరాలు అలాంటిదొకటి రాత్రంతా మేలుకొని చూసింది. పక్కన కూర్చొని నేనూ చూశాను. ఊపిరి బిగబట్టించే కథే. అయితే అందులో విమానం కూలడం రెండు నిమిషాల్లో అయిపోయింది. మిగతాదంతా బతికినవాళ్లలో హంతకుడెవరు, నీళ్లు దాచుకున్నదెవరు అనే అనుమానాలే. అసలు ఎవరు బతుకుతారన్నది ఆ మొదటి రెండు నిమిషాల్లోనే తేలిపోతుందని మా కర్నూలోళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర, హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు స్లీపర్ బస్సు ఒక బైకును ఈడ్చుకుపోయి అంటుకుంది. 19 మంది ప్రయాణికులు బస్సులోనే కాలిపోయారు. అద్దాలు పగలగొట్టుకొని దూకినవాళ్లు బతికారు. అంతకు పన్నెండేళ్ల ముందు, 2013 అక్టోబరు 30న, బెంగళూరు నుంచి ఇదే హైవే మీద వెళ్లిన బస్సు పాలెం దగ్గర కాలిపోయి 45 మంది చనిపోయారు. రెండూ అక్టోబరు నెలే, రెండూ అందరూ నిద్రలో ఉన్న వేళే.

ఇప్పుడు ఒక విమానం సంగతి చెబుతాను. 2024 జనవరి 2న టోక్యో హనేదా విమానాశ్రయంలో దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీదున్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకుంది. ఆ చిన్న విమానంలో ఉన్న ఆరుగురిలో ఐదుగురు పోయారు. పెద్ద విమానంలో 379 మంది ఉన్నారు. ఎనిమిది ద్వారాల్లో మూడే పనికొచ్చాయి, మైకు పనిచేయలేదు. సిబ్బంది మెగాఫోన్లు పట్టుకొని, గొంతులు చించుకొని చెప్పారు. జనం బ్యాగులు వదిలేసి వాళ్లు చూపిన దారిన దిగారు. 379 మందీ బతికారు. ఒకరికొకరు ఎవరో తెలియనివాళ్లే వాళ్లంతా. విమానం తయారుచేసేటప్పుడే సగం ద్వారాలు మూసి, నిండా మనుషుల్ని కూర్చోబెట్టి, 90 సెకన్లలో అందరూ బయటపడగలరని రుజువు చేయాలి. విమానం లేచే ప్రతిసారీ ద్వారాలెక్కడున్నాయో చేతులు చాపి చూపించాలి. ఓర్వకల్లులో విమానం ఎక్కినప్పుడు నాకూ చూపించారు. వరసలు లెక్కపెట్టుకున్నాను, నా సీటు నుంచి వెనక్కి నాలుగో వరస.

అదే నెలలో బళ్లారి చౌరస్తాలో బెంగళూరు స్లీపర్ బస్సు ఎక్కాను. ఏ ట్రావెల్స్‌దో ఇక్కడ రాయను. కిటికీ పక్కన ఎర్రరంగు కొక్కెం ఉంది, దానికి ఉండాల్సిన సుత్తి లేదు. ఏదని అడిగితే క్లీనరు, "ఎవరన్నా ఎత్తుకపోతారని డ్రైవరన్న కాడ పెట్టినామమ్మా" అన్నాడు. పిల్లోడు మర్యాదగానే చెప్పాడు, అతన్ని తప్పుపట్టను. ఎమర్జెన్సీ డోరు దగ్గర టేపు చుట్టిన పార్సిల్ పెట్టెలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. డోరు మీద అక్షరాల్ని పరదా కప్పేసింది. పై బెర్తులో చంటిబిడ్డతో ఒకామె పడుకొని ఉంది. నిప్పు అంటుకుంటే ఆమె చీకట్లో, పొగలో బిడ్డనెత్తుకొని ఎటు పోవాలి? డోను దాటేదాకా నాకు కన్ను మూతపడలేదు.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ పర్మిట్లు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు తనిఖీ చేస్తారు, కేసులు రాస్తారు. అది చేయాల్సిందే. కానీ కాగితం సరిగ్గా ఉన్నంత మాత్రాన లోపలున్న మనిషికి దారి తెలియదు. రవాణా శాఖ అధికారులకు నాదొక మనవి. చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపినప్పుడు డ్రైవర్‌ని కాదు, ప్రయాణికుల్లో ముగ్గురిని లేపి అడగండి: ఎమర్జెన్సీ డోరు ఎక్కడ, సుత్తి ఎక్కడ అని. ముగ్గురూ తెల్లమొహం వేస్తే, క్లీనరు అందరికీ చూపించేదాకా ఆ బస్సును కదలనివ్వొద్దు. పెట్టెలు అడ్డముంటే అక్కడే దింపించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఆర్టీసీ బస్సులకూ ఇదే వర్తించాలి.

థ్రిల్లర్లు రాసేవాళ్లకు కూడా ఒక మాట. ఆపదలో అపరిచితులు ఒకరినొకరు చంపుకుంటారన్నదే మీ కథలకు ఆయువుపట్టు. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో వానలో విమానం రన్‌వే దాటి లోయలో పడి విరిగింది. కరోనా రోజులు, పక్కమనిషిని తాకాలంటేనే భయం. అయినా చుట్టుపక్కల జనం పరుగెత్తుకొచ్చి క్షతగాత్రుల్ని తమ కార్లలో ఆసుపత్రులకు చేర్చారు, రక్తమివ్వడానికి రాత్రిపూట వరుసకట్టారు. 190 మందిలో 21 మంది చనిపోయారు, మిగతావాళ్లు దక్కారు. ఇందులో సస్పెన్స్ తక్కువేం లేదు. ఇలాంటి కథ తెలుగులో రాయండి, మా మనవరాలితో పాటు నేనూ మేలుకొని చదువుతాను.

వచ్చే నెల ఆ పిల్లను కాలేజీలో దింపడానికి మళ్లీ ఇదే రూటులో బెంగళూరు పోవాలి. ఈసారి బస్సెక్కగానే ఇద్దరం కలిసి డోరూ సుత్తీ చూసుకుంటాం. అవి ఉన్నాయో లేవో మీ పత్రికకే రాస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కర్నూలు