లాబ్రడార్‌కు త్రాసు, గోల్డెన్‌కు దువ్వెన

సంపాదకులకు నమస్కారం.

లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ కుక్కల్లో ఏది పెంచుకోవాలని ఎవరు అడిగినా పత్రికల్లో వచ్చే జవాబు ఒక్కటే: రెండూ సాధువులే, రెండూ పిల్లలతో కలిసిపోతాయి, ఏది తెచ్చుకున్నా ఒకటే. మొదటి రెండు మాటలూ చాలావరకు నిజం. మూడోది కాదు. స్వభావంలో తేడా ఎంత వెతికినా దొరికేది కొంచెమే. అసలు తేడా రోజువారీ చాకిరీలోనూ, వయసు మీద పడ్డాక వచ్చే జబ్బుల్లోనూ ఉంది. ఎంపిక అక్కణ్నుంచి మొదలుపెట్టాలి.

రెండింటినీ ఒకే పని కోసం తయారుచేశారు. వేటలో నేలకూలిన పక్షిని నోట కరుచుకుని, పళ్లు దిగకుండా యజమాని చేతికి తెచ్చివ్వడం ఆ పని. లాబ్రడార్ పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ జాలరుల వెంట తిరిగిన నీటి కుక్కలు. కుక్క జాతుల్ని నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 1903లో ఈ జాతిని గుర్తించింది. గోల్డెన్‌కు పునాది స్కాట్లాండ్‌లో పడింది. అక్కడ లార్డ్ ట్వీడ్‌మౌత్ 1868లో నూస్ అనే పసుపు రిట్రీవర్‌ను బెల్ అనే ట్వీడ్ వాటర్ స్పానియల్ జాతి కుక్కతో జతకట్టించాడు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణం ప్రకారం మగ లాబ్రడార్ ఎత్తు 57 నుంచి 62 సెంటీమీటర్లు, బరువు 29 నుంచి 36 కిలోలు. మగ గోల్డెన్ 58 నుంచి 61 సెంటీమీటర్లు, 29 నుంచి 34 కిలోలు. ఇల్లు ఇరుకు కాబట్టి రెండింట్లో చిన్నదాన్ని తెచ్చుకుందామంటే కుదరదన్నమాట.

పుట్టుకతో వచ్చిన ఆ పని ఇంట్లో కూడా పోదు. నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాల్సిందే. సాక్సులు, బొమ్మలు, టీవీ రిమోట్లు. దొంగిలించిందని వెంటపడి లాక్కుంటే, దొరికినదాన్ని గబుక్కున మింగేయాలని నేర్చుకుంటుంది. మింగిన సాక్సు పేగులో అడ్డుపడితే ఆపరేషనే. కుక్కపిల్ల ఇంటికి వచ్చిన మొదటి వారం నుంచే, నోట్లో ఉన్నదానికంటే మంచిది చూపించి వదిలించడం అలవాటు చేయాలి. తిండి మానేసి, తాగిన నీళ్లు కూడా కక్కేస్తుంటే మర్నాటి దాకా ఆగకూడదు.

స్వభావం గురించి ఒక్క ముక్క. రెండు జాతుల మధ్య కన్నా ఒకే జాతిలోని రెండు రకాల వంశాల మధ్య తేడా ఎక్కువ. వేట పోటీల కోసం పెంచిన వంశంలోవి సన్నగా, చురుగ్గా, ఒకచోట నిలవకుండా ఉంటాయి. ప్రదర్శనల కోసం పెంచినవి దిట్టంగా, కాస్త నిదానంగా ఉంటాయి. తల్లిదండ్రులు ఏ కోవకు చెందినవో అడగకుండా ‘గోల్డెన్ నెమ్మది, లాబ్రడార్ అల్లరి’ అని తేల్చేయడం జాతకం చూసి చెప్పినట్టే. ఏదైనా సరే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు రోజుకు గంటన్నర, రెండు గంటల కదలిక కావాలి. అది ఇవ్వలేనివాళ్లు రెండింటినీ వదులుకోవడం మంచిది.

ఇక బొచ్చు. లాబ్రడార్‌ది పొట్టి బొచ్చు కాబట్టి రాలదనుకోవడం అందరూ చేసే పొరపాటు. రెండింటికీ బొచ్చు రెండు పొరలు: పైన నీటిని జార్చే గట్టి వెంట్రుకలు, అడుగున మెత్తటి దట్టమైన పొర. రెండూ ఏడాది పొడుగునా రాలుస్తాయి, సాధారణంగా ఏడాదికి రెండు విడతలు మరీ ఎక్కువగా. పైగా లాబ్రడార్ వెంట్రుక పొట్టిగా, సూదిలా ఉండి సోఫా గుడ్డలో గుచ్చుకుంటుంది. గోల్డెన్‌ది పొడుగ్గా ఉండి మూలల్లో పోగవుతుంది, ఊడ్చేస్తే పోతుంది. లాబ్రడార్‌కు వారానికి రెండుసార్లు రబ్బరు బ్రష్ చాలు.

గోల్డెన్‌కు అలా చాలదు. చెవుల వెనక, ముందుకాళ్ల చంకల్లో, తొడల వెనక, తోక కింద వెంట్రుకలు జడలు కడతాయి. పైపైన బ్రష్ తిప్పితే నున్నగా కనిపిస్తుంది, లోపల ముడులు అలాగే ఉంటాయి. పాయ విడదీసి, చర్మం కనిపించేలా వేళ్లతో పట్టుకుని, ముందు సన్నటి తీగల పళ్లుండే స్లికర్ బ్రష్‌తో, తర్వాత లోహపు దువ్వెనతో దువ్వాలి. దువ్వెన మొదలు నుంచి చివరిదాకా ఆగకుండా దిగితేనే ఆ పాయ అయినట్టు. వారానికి మూడునాలుగుసార్లు, పూటకు ఇరవై నిమిషాలు ఈ పనికి పోతాయి. ముడి ఉండగా స్నానం చేయిస్తే అది ఇంకా బిగుస్తుంది, కింద తడి నిలిచి చర్మం పుండవుతుంది. దట్టమైన మెడ బొచ్చు కింద రాత్రికి రాత్రే రసికారే ఎర్రటి మచ్చ లేచిందంటే చాలాసార్లు కారణం ఆరని తడే. వేసవి అని మొత్తం గొరిగించడం మాత్రం వద్దు. ఎండ నుంచి చర్మానికి ఉన్న అడ్డు పోతుంది, బొచ్చు తిరిగి వచ్చేటప్పుడు అతుకులు అతుకులుగా రావచ్చు. అడుగు పొరను దువ్వి పలుచన చేస్తే సరిపోతుంది.

లాబ్రడార్ యజమాని శ్రమ వేరేచోట ఉంది, తిండి దగ్గర. దాని ఆకలిని అత్యాశ అని నవ్వుకుంటాం గానీ కొన్నిటికి అది జన్యువులోనే ఉంది. పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించిన లాబ్రడార్లు దాదాపు నాలుగో వంతు ఉంటాయని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో చూపించారు. వాటికి కడుపు నిండిన సంగతి మెదడుకు సరిగా అందదు. గోల్డెన్‌లలో ఆ లోపం కనబడలేదు. అలాగని గోల్డెన్ లావెక్కదని కాదు. లాబ్రడార్ మాత్రం పెట్టినంతా తిని ఇంకా అడుగుతుంది, ఆ చూపును నమ్మకూడదు.

ఇది అందం సంగతి కాదు. 2002లో వెలువడిన ఒక దీర్ఘకాల అధ్యయనంలో 48 లాబ్రడార్లను జతలుగా పెంచి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి మధ్యస్థంగా 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవి 11.2 ఏళ్లు బతికాయి. కీళ్లవాతం కూడా ఆలస్యంగా వచ్చింది.

కాబట్టి ప్యాకెట్‌లో వచ్చే పొడి తిండిని కప్పుతో కాదు, వంటింటి త్రాసుతో గ్రాముల్లో తూచాలి. స్టెరిలైజేషన్ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) అయిన 30 కిలోల కుక్కకు రోజుకు సుమారు 1250 నుంచి 1450 కిలోక్యాలరీల దగ్గర మొదలుపెట్టి, రెండు వారాలకోసారి బరువు చూసి సవరించుకోవాలి. శిక్షణలో ఇచ్చే ట్రీట్లు అందులో పదో వంతు దాటకూడదు, వాటినీ లెక్కలో కలపాలి. డొక్క మీద చేయి వేసి చూసుకునే పద్ధతి తేలిక. పక్కటెముకలు మన చేతి వెనకవైపు వేలి ఎముకలంత తగిలితే సరైన బరువు. పిడికిలి బిగించిన కణుపుల్లా పొడుచుకొస్తే సన్నం. అరచేయిలా మెత్తగా ఉండి ఎముక వెతుక్కోవాల్సి వస్తే లావు.

జబ్బుల్లో గోల్డెన్‌కు పెద్ద భయం క్యాన్సర్. దాన్ని అర్థం చేసుకోవడానికే అమెరికాలో మోరిస్ యానిమల్ ఫౌండేషన్ 2012లో మొదలుపెట్టిన అధ్యయనంలో మూడు వేలకు పైగా గోల్డెన్‌లను జీవితాంతం గమనిస్తున్నారు. ప్లీహంలో పెరిగే హెమాంజియోసార్కోమా అనే రక్తనాళాల క్యాన్సర్ ముందుగా ఏ గుర్తూ ఇవ్వకపోవచ్చు. హఠాత్తుగా కూలబడటం, చిగుళ్లు పాలిపోవడం, పొట్ట ఉబ్బడం కనిపిస్తే అది లోపలి రక్తస్రావం కావచ్చు. గంటలు లెక్కపెట్టే సమయం కాదు, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

స్టెరిలైజేషన్ వయసు కూడా రెండింటికీ ఒకటి కాదు, దీన్ని దాదాపు ఎవరూ రాయరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ బృందం 2014లో రెండు జాతుల్నీ పోల్చింది. ఆర్నెల్ల లోపు ఆపరేషన్ చేయిస్తే కీళ్ల జబ్బులు లాబ్రడార్‌లో సుమారు రెట్టింపయ్యాయి, గోల్డెన్‌లో నాలుగైదు రెట్లయ్యాయి. ఆడ గోల్డెన్‌లలో ఏ వయసులో చేయించినా కొన్ని క్యాన్సర్లు మూడునాలుగు రెట్లు కనబడ్డాయి; లాబ్రడార్‌లో ఆ ప్రభావం స్వల్పం. మరోవైపు ఆపరేషన్ లేని ఆడ కుక్కకు గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే ఆర్నెల్లకు అలవాటుగా తేదీ వేయించుకోకుండా, పశువైద్యుడితో ఈ జాతికి, ఈ లింగానికి ఎప్పుడు అని విడిగా అడగాలి.

పిల్లను తెచ్చేముందు తల్లిదండ్రుల కాగితాలు చూడాలి. రెండు జాతులకూ తుంటి, మోచేతి ఎక్స్‌రే నివేదికలు, ఇటీవలి కంటి పరీక్ష ఉండాలి. బ్రిటిష్ పద్ధతిలో తుంటి మార్కులు రెండు వైపులా కలిపి 0 నుంచి 106, ఎంత తక్కువైతే అంత మేలు. మోచేతికి 0 కావాలి. అమెరికన్ పద్ధతిలో రెండేళ్లు నిండకుండా తుంటికి తుది సర్టిఫికెట్ ఇవ్వరు. లాబ్రడార్‌కు అదనంగా ఈఐసీ (శ్రమతో కుప్పకూలే జబ్బు) డీఎన్‌ఏ పరీక్ష అడగాలి. ఆ లోపం రెండు వైపుల నుంచీ వచ్చిన కుక్క పదీ పదిహేను నిమిషాలు గట్టిగా పరుగెత్తాక వెనక కాళ్లు తేలిపోయి పడిపోతుంది. గోల్డెన్‌కు గుండె పరీక్ష, చర్మం పొట్టు రాలే ఇక్తియోసిస్ పరీక్ష అడగాలి. ‘వెట్ చూశారు, బాగానే ఉన్నాయి’ అనే నోటి మాట వీటిలో దేనికీ సమానం కాదు. వెండి రంగు లాబ్రడార్, అరుదైన తెల్ల గోల్డెన్ అంటూ రంగుకు ఎక్కువ డబ్బు అడిగేవాళ్ల దగ్గర ఈ కాగితాలు ముందుగా అడగాలి.

పెరిగే వయసులో పెద్ద జాతి పిల్లల కోసం చేసిన తిండే పెట్టాలి. ఎముకలు గట్టిపడతాయని పైన కాల్షియం మాత్రలు వేస్తే, ఎక్కువైన కాల్షియాన్ని పిల్ల శరీరం వదిలించుకోలేక ఎముక ఎదుగుదలే దెబ్బతింటుంది. ఈతకు వెళ్లే కుక్కకు ఏ జాతైనా చెవులు ఆరబెట్టాలి. ఈత మర్నాడు లాబ్రడార్ తోక వేలాడిపోతే విరిగిందని కంగారుపడనక్కర్లేదు. తోక కండరాలు పట్టేసి ఉండవచ్చు, సాధారణంగా కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. నొప్పి ఎక్కువగా ఉంటే మాత్రం చూపించాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. ఈ జాతుల మీద రాసినప్పుడు అడగాల్సిన పరీక్షల పేర్లు ఒక పెట్టెలో వేయండి. అలాగే ఫొటోకు దయచేసి నడుము కనిపించే లాబ్రడార్‌ను ఎంచుకోండి. సాధారణంగా అచ్చయ్యే బొద్దు కుక్కను చూసి పాఠకులు అదే సరైన ఆకారమనుకుంటున్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు