‘చేయి తిరగాలి’ అన్న మాటతో సరిపెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

ఆర్ట్ కాలేజీల వార్షిక ప్రదర్శనల గురించి పత్రికల్లో వచ్చే వార్తలు వదలకుండా చదువుతాను. గోడ మీదికెక్కిన బొమ్మల గురించి రాస్తారు, ఎక్కలేకపోయిన వాటి గురించి ఎవరూ రాయరు. నేను ప్రింట్‌మేకింగ్ విద్యార్థినిని. ఎంతో ఇష్టంతో స్క్రీన్ ప్రింటింగ్ తీసుకుని, సెమిస్టర్ సగం కాకముందే ‘ఇది మన వల్ల కాదు’ అని లినోలియం చెక్కి అచ్చువేసే లినోకట్‌కో, లోహపు రేకు మీద ఆమ్లంతో గీతలు తెచ్చే ఎచింగ్‌కో మారిపోయిన వాళ్లు మా బ్యాచ్‌లో ఉన్నారు. గీత మీద పట్టున్నవాళ్లు, రంగు తెలిసినవాళ్లు. వాళ్ల స్క్రీన్ ఎందుకు పాడైందో ఎవరూ విడమరచి చెప్పలేదు. నా బాధంతా అదే.

ఈ పని తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఫ్రేమ్‌కు బిగించిన పాలిస్టర్ మెష్, అంటే సన్నటి వల బట్టే, స్క్రీన్. దాన్ని జిడ్డు లేకుండా కడిగి, వెలుతురు తగిలితే గట్టిపడే ఎమల్షన్ పూసి, చీకట్లో ఆరబెడతాం. ఆరాక బొమ్మ ఉన్న పారదర్శక ఫిల్మ్‌ను దానికి ఆనించి అల్ట్రావయొలెట్ లైటు వేస్తాం. దీన్నే ఎక్స్‌పోజర్ అంటాం. ఫిల్మ్ మీద నలుపు ఉన్నచోట వెలుతురు పడదు కాబట్టి అక్కడి ఎమల్షన్ మెత్తగానే ఉండి నీళ్లకు కొట్టుకుపోతుంది. అలా తెరుచుకున్న చోటి నుంచి స్క్వీజీతో, అంటే రబ్బరు అంచున్న పట్టీతో, ఇంకును కాగితం మీదికి దించుతాం. చెప్పుకోవడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం తప్పు జరిగేది ఒకచోట, బయటపడేది ఇంకోచోట. కడిగేటప్పుడు మెష్‌కు అంటిపెట్టుకుని మిగిలిన కాస్త జిడ్డు, ఎక్స్‌పోజర్ గ్లాసు మీద ఉండిపోయిన దుమ్ము, ఇవన్నీ ఆ రోజు కనబడవు. సగం కాగితాలు అచ్చయ్యాక తెల్లగా ఉండాల్సిన చోట చిన్న చిన్న చుక్కలై తేలతాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. మా క్లాసులో ఒకమ్మాయి ఎండిన ఆకు ఈనెలన్నీ సన్నటి నిబ్బుతో గీసి స్క్రీన్ చేసుకుంది. కడగడం మొదలుపెట్టాక లావు గీతలు తెరుచుకున్నాయి, సన్నవి తెరుచుకోలేదు. నీళ్ల వేగం పెంచింది. వేలితో తాకితే ఎమల్షన్ లోపలివైపు జిగటగా ఉంది. చూస్తుండగానే ఆకు అంచు దగ్గర ఒక పేలిక జారి సింకులో పడింది. అటుగా వచ్చిన అధ్యాపకులు ఒకరు ‘టైము చాల్లేదు, పెంచు’ అన్నారు. మర్నాడు ఇంకొకరు మూసుకుపోయిన గీతలు చూసి ‘టైము ఎక్కువైంది, తగ్గించు’ అన్నారు. ఇద్దరి మాటకూ స్క్రీన్ మీద సాక్ష్యం ఉంది. ఆ పిల్ల ఎటు పోవాలి?

తర్వాత నేను పాత మాన్యువల్స్ తిరగేసి, తెలిసిన ప్రింటర్లను అడిగితే విషయం అర్థమైంది. అక్కడ ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు. ఎమల్షన్ పైకి ఆరినట్టు కనబడినా లోపల తడి ఉంది. తడి ఉన్న ఎమల్షన్‌కు ఎంతసేపు లైటు వేసినా సరిగ్గా గట్టిపడదు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఇది మామూలే. ఇక ఆమె ఫిల్మ్ మీది నలుపు తగినంత చిక్కగా లేదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే గోధుమరంగుగా కనబడేది. సన్నటి గీతల గుండా వెలుతురు చొరబడి, కొట్టుకుపోవాల్సిన ఎమల్షన్‌ను కూడా గట్టిపడేలా చేసింది. టైము పెంచినా తగ్గించినా ఈ రెండూ తీరవు. ఈ సంగతి అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఆమె ఇవాళ్టికీ స్క్రీన్ ముందే ఉండేదేమో.

మాకు దొరికే జవాబు ఒక్కటే: ‘అమ్మా, చేయి తిరగాలి.’ స్క్వీజీ విషయంలో ఆ మాట ఒప్పుకుంటాను. ఎంత వంచాలి, ఎంత నొక్కాలి, ఎక్కడా ఆగకుండా ఎలా లాగాలి అన్నవి చేస్తూపోతేనే వస్తాయి. కానీ ఎక్స్‌పోజర్‌కు చేతి నేర్పుతో పనిలేదు. లైటు బలం, స్క్రీన్‌కు దానికి మధ్య దూరం, ఎమల్షన్ రకం, పూసిన మందం, మెష్ రంగు, ఇవే దాన్ని నిర్ణయిస్తాయి. ఒకే బల్బు కింద పనిచేస్తున్నప్పుడు దూరం రెట్టింపైతే స్క్రీన్ మీద పడే వెలుతురు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. బల్బు పాతబడితే నిన్నటి టైము ఇవాళ చాలదు. తెల్లటి మెష్ దారాలు వెలుతురును పక్కలకు చెదరగొడతాయి, పసుపు మెష్‌లో ఆ బాధ తక్కువ. వీటిలో ఏదీ రహస్యం కాదు. 1907లో ఇంగ్లండ్‌లో శామ్యూల్ సైమన్ స్క్రీన్ ప్రింటింగ్‌కు పేటెంట్ తీసుకున్నారు. అప్పటి నుంచి పోగైన పరిజ్ఞానమంతా ఉండగా, ప్రతి బ్యాచ్ మళ్లీ మొదటి నుంచి తడుముకోవాల్సిన అవసరం ఏముంది?

ఇంకు దగ్గరా ఇదే కథ. నీటితో కలిసే ఇంకులు వాడతాం, ఆరోగ్యానికి అవే మేలు. అయితే అవి మెష్‌లోనే ఆరిపోతాయి. రిజిస్ట్రేషన్, అంటే ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోవడం, సరిచూసుకుంటూ కాస్త ఆలస్యం చేస్తే చాలు, తర్వాతి కాగితం మీద గీతలు తెగిపోయి వస్తాయి. ప్రతి ప్రింట్ తర్వాత స్క్రీన్‌ను పైకెత్తి, ఒత్తిడి లేకుండా ఒకసారి ఇంకు పరచి ఉంచితే మెష్ తడిగా నిలుస్తుంది. ఆ ఫ్లడ్ స్ట్రోక్ చేయమని మాకు చూపించారు, ఎందుకో చెప్పలేదు. దాంతో తొందరలో అందరూ మొదట వదిలేసేది దాన్నే. ఛాయలను చిన్న చిన్న చుక్కలుగా విడగొట్టే హాఫ్‌టోన్ బొమ్మలకైతే మెష్ లెక్క తప్పకుండా చూసుకోవాలి. అంగుళానికి 45 లైన్ల హాఫ్‌టోన్ వేస్తే అంగుళానికి మెష్ దారాలు దానికి నాలుగైదు రెట్లు, అంటే 180 నుంచి 225 దాకా ఉండాలి. 110 మెష్ మీద వేసి, చారలు పడ్డాయని బొమ్మను తప్పుపట్టిన రోజులు మా వర్క్‌షాప్‌లో ఉన్నాయి.

రంగులు పక్కకు జరిగితే, అమెరికా పాప్ ఆర్ట్ చిత్రకారుడు ‘ఆండీ వార్హోల్ ప్రింట్లలోనూ జరిగాయి కదా’ అని ఓదారుస్తారు. ఆయన 1962లో స్క్రీన్ పట్టుకున్నప్పటి నుంచి అలా జరగడాన్ని కావాలనే ఉంచుకున్నారు. సరిగ్గా కూర్చోబెట్టడం వచ్చాక జరపాలా వద్దా అన్నది నా ఇష్టం. రానప్పుడు అది నా నిర్ణయం ఎలా అవుతుంది? విద్యార్థికి ఆ ఓదార్పు మేలు చేయదని గట్టిగా అనుకుంటున్నాను.

ఇంకో మాట. కొన్నిచోట్ల ఇప్పటికీ ఎమల్షన్‌లో బైక్రోమేట్ కలుపుతున్నారు. అది క్రోమియం లవణం, చర్మానికి పడదు, క్యాన్సర్ కారకం. అలాంటివాటిని పిల్లలు గ్లవ్స్ లేకుండా కలపకూడదు, సింకులోకి వదలకూడదు. బైక్రోమేట్ అవసరం లేని డయాజో ఎమల్షన్లు వచ్చి చాలా కాలమైంది.

నేను అడుగుతున్నవి ఖర్చుతో కూడినవి కావు. సెమిస్టర్ మొదట్లోనే ఒక స్క్రీన్ మీద ఒకే ఫిల్మ్ పెట్టి, అట్టముక్క జరుపుకుంటూ వేర్వేరు టైముల్లో ఎక్స్‌పోజ్ చేసే స్టెప్ టెస్ట్ అందరి ముందు చేయించాలి. ఏ ఎమల్షన్‌కు, ఏ మెష్‌కు ఎంత టైము సరిపోయిందో తేదీతో సహా లైటు యూనిట్ పక్కన గోడకు అంటించాలి. బల్బు మార్చిన రోజు మళ్లీ చేయాలి. ఎమల్షన్ ఆరడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి, పూత ఒకరోజు, ఎక్స్‌పోజర్ మరో రోజు వచ్చేలా క్లాసులు వేయాలి. ఇప్పుడు ఒకే పూటలో రెండూ ముగించమంటున్నారు, టెన్షన్‌తో అందరూ తడి స్క్రీన్లే లైటు కింద పెడుతున్నారు.

మార్కులు కూడా చివరి ఎడిషన్‌కే, అంటే ఆఖరున ఒకేలా తీసిన ప్రింట్ల సెట్టుకే, వేస్తున్నారు. పాడైన స్క్రీన్ ఎందుకు పాడైందో గుర్తించి, రాసి, సరిచేసుకున్న విద్యార్థికి ఏమీ రాదు. అందుకే టెస్ట్ ప్రింట్లన్నీ చెత్తబుట్టలోకి పోతున్నాయి. వాటిని నోట్సుతో కలిపి ఫైల్ చేయించి, దానికీ మార్కులు పెట్టమని ఆర్ట్ కాలేజీల బోర్డులను కోరుతున్నాను. తమ వర్క్‌షాప్‌లో ఎక్స్‌పోజర్ పట్టికలు నిర్వహిస్తున్న అధ్యాపకులు ఎవరైనా ఉంటే, ఎలా మొదలుపెట్టారో, విద్యార్థులు ఎలా అందుకున్నారో ఈ శీర్షికకే రాయమని మనవి.

ఇట్లు,
ఒక ప్రింట్‌మేకింగ్ విద్యార్థిని