టొయామా వెళ్ళే మన అధికారులు జింజూ నది కూడా చూడాలి

సంపాదకులు గారికి నమస్కారం,

మీ ఆదివారం అనుబంధంలో జపాన్‌లోని టొయామా గురించి వేసిన వ్యాసం చదివాను, ఫోటోలు చాలా బాగున్నాయి, మంచు గోడల మధ్య నుంచి బస్సు వెళ్తున్న ఫోటో అయితే ఫోన్‌లో మా వాళ్ళందరికీ పంపించాను. మా ఆయన ఉద్యోగం వల్ల కొన్నేళ్ళుగా మేం ఇక్కడే ఉంటున్నాం, సొంతూరు అనకాపల్లి వైపు. వ్యాసంలో ఉన్నది తప్పని అనట్లేదు గానీ అసలు చెప్పుకోవాల్సిన విషయం ఒకటి, ఇక్కడి జింజూ నది కాలుష్యం సంగతి, పూర్తిగా వదిలేశారు, అది మన ఆంధ్రాకి కూడా బాగా పనికొచ్చేది కాబట్టి రాస్తున్నాను, కొంచెం పొడవైనా దయచేసి వేయండి.

టొయామా ప్రిఫెక్చర్ (జపాన్‌లో మన రాష్ట్రం లాంటిది) విస్తీర్ణంలో దాదాపు మా అనకాపల్లి జిల్లా అంత ఉంటుంది, 4,200 చదరపు కిలోమీటర్ల పైన, జనాభా 10 లక్షలు అటూ ఇటూ. మూడు వైపులా కొండలు, ఉత్తరాన జపాన్ సముద్రం. తతెయామా శిఖరాలు 3,000 మీటర్లు దాటితే ఇటు టొయామా అఖాతం లోతు 1,000 మీటర్లు దాటుతుంది, ఈ రెంటికీ మధ్య దూరం చాలా తక్కువ, అందుకని నదులన్నీ పొట్టిగా ఉండి పైనుంచి దూకినట్టే వస్తాయి, పాత రోజుల్లో వరదొస్తే ఊళ్ళకి ఊళ్ళు పోయేవి. ఆ నీళ్ళతోనే తర్వాత కరెంటు తీశారు. కురోబె డ్యామ్ 186 మీటర్ల ఎత్తు, జపాన్‌లో దానికన్నా ఎత్తైంది లేదు, 1956లో మొదలుపెట్టి 1963లో పూర్తి చేశారు, ఆ పనిలో 171 మంది చనిపోయారు. వాళ్ళ పేర్లు చెక్కిన స్మారకం డ్యామ్ దగ్గరే ఉంది, మీ వ్యాసంలో డ్యామ్ గురించి అంత రాసి వాళ్ళ గురించి ఒక్క లైను కూడా రాయలేదు, అది నాకు నచ్చలేదు.

మిగతా చూడదగ్గవి మీరు బాగానే చెప్పారు. గొకయామాలో గడ్డి కప్పు ఇళ్ళు, వాటికి 1995లో యునెస్కో గుర్తింపు వచ్చింది, మార్చి నుంచి మే దాకా నీలంగా మెరిసే చిన్న చిన్న స్క్విడ్‌లు పడతాయి, సెప్టెంబర్ 1 నుంచి 3 దాకా యాత్సువోలో రాత్రిపూట వీధుల్లో డాన్స్ చేస్తారు. వచ్చే వాళ్ళు ఇవన్నీ చూడండి, తప్పకుండా చూడండి.

మందుల సంగతి మాత్రం రెండు లైన్లలో తేల్చేశారు, దాని గురించి ఇంకా చెప్పాలి. టొయామాకి మందుల ఊరని 300 ఏళ్ళుగా పేరు. ఇక్కడి ప్రభువు మయెదా మసతోషి 1690లో ఎడో (ఇప్పటి టోక్యో) కోటలో కడుపునొప్పితో విలవిల్లాడుతున్న ఇంకో ప్రభువుకి తన దగ్గరున్న మందు ఇచ్చి తగ్గించాడని, అది చూసి మిగతా ప్రభువులు మా రాజ్యాల్లో కూడా అమ్మండని అడిగారని కథగా చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా వ్యాపారం చేసిన పద్ధతి మాత్రం నిజం, ఇప్పటికీ ఉంది. మందుల పెట్టె ముందే ఇంట్లో పెట్టి వెళ్తారు, డబ్బు అడగరు, మళ్ళీ వచ్చినప్పుడు ఎన్ని వాడారో చూసి వాటికే తీసుకుంటారు. మా పక్కింటి బామ్మ గారింట్లో ఇది నేను కళ్ళారా చూశాను, మందులాయన గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె తెరిచి, డేటు అయిపోయినవి తీసేసి, జలుబు మందు రెండు తగ్గాయి అని లెక్క చెప్పి, కొత్తవి సర్ది, బామ్మగారి మోకాలి నొప్పి ఎలా ఉందో అడిగి మరీ వెళ్ళాడు. పాత కాలంలో ఏ ఇంట్లో ఎవరు ఏ మందు వాడారో రాసుకున్న పుస్తకాన్నే ఆస్తిలాగా ఇంకొకళ్ళకి అమ్ముకునేవాళ్ళంటే ఆ నమ్మకానికి ఎంత విలువ ఉండేదో చూడండి. ఇప్పుడున్న ఇక్కడి ఫార్మా పరిశ్రమకి మూలం అదే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో టొయామాతో సహకార ఒప్పందం చేసుకుంది. అది మంచిదే. కానీ టొయామా అనగానే మన వాళ్ళు ఫార్మా ఎలా పెంచారు, పెట్టుబడి ఎంత, మనకేం తెస్తారు అని మాత్రమే అడుగుతారు, జింజూ నది గురించి ఎవరూ అడగరు.

జింజూ నది టొయామా సిటీ మధ్య నుంచే పారుతుంది. దానికి పైన, పక్క ప్రిఫెక్చర్ గిఫులో కమియోకా అని సీసం, జింకు తీసే గని ఉండేది, మిత్సుయి అనే కంపెనీ వాళ్ళది. అక్కడి కాడ్మియం అనే విష లోహం నదిలో కలిసి, ఆ నీళ్ళు వరి పొలాల్లోకి పారి, ఆ బియ్యం తిని ఆ నీళ్ళే తాగిన వాళ్ళకి ఇటాయి ఇటాయి (జపనీస్‌లో నొప్పి, నొప్పి అని) జబ్బు వచ్చింది. ఎక్కువగా ఆడవాళ్ళకే, అదీ పిల్లల్ని కని వయసు మళ్ళిన వాళ్ళకి. ఎముకలు పెళుసైపోయి దగ్గినా పక్కటెముక విరిగేది, మంచం మీద నుంచి లేవలేక, మనిషి పొడుగు కూడా తగ్గిపోయేది. మొదట్లో ఇది ఏదో అంటు జబ్బనీ, ఏదో పాపమనీ ఇంట్లోనే దాచిపెట్టారు. ఊళ్ళో డాక్టరు హగినో నోబోరు 1957లో దీనికి కారణం గని అని చెప్తే ఆయన్ని తిట్టిన వాళ్ళే ఎక్కువ, ఈ మాట బయటికి పొక్కితే మా బియ్యం ఎవరు కొంటారు అని. చివరికి 1968లో ప్రభుత్వం ఒప్పుకుంది, జపాన్‌లో అధికారికంగా కాలుష్యం వల్ల వచ్చిన జబ్బు అని ఒప్పుకున్న మొదటిది ఇదే. అదే ఏడు బాధితులు కోర్టుకెక్కారు, 1971లో గెలిచారు, కంపెనీ అప్పీలుకి వెళ్తే 1972 ఆగస్టులో అక్కడా గెలిచారు.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు, తర్వాత జరిగిందే నాకు ముఖ్యం. అప్పీలులో గెలిచిన మర్నాడే రైతులూ బాధితులూ టోక్యోలో మిత్సుయి హెడ్డాఫీసుకి వెళ్ళి కూర్చుని సంతకాలు పెట్టించుకునే బయటికొచ్చారు. నష్టపరిహారం ఒకటి, పొలాలు బాగుచేయించడం ఒకటి, మూడోది, మా మనుషులు మేం తెచ్చుకున్న సైంటిస్టులతో ఎప్పుడు కావాలంటే అప్పుడు మీ ఫ్యాక్టరీ లోపలికి వచ్చి చూస్తాం, కావాల్సిన పేపర్లు ఇవ్వాలి, ఖర్చు మీదే అని. ఆ హక్కుతో 1972 నుంచి ఏటా జనం లోపలికి వెళ్ళి మురుగు కాలువలు, వ్యర్థాల గుట్టలు, పొగ గొట్టాలు అన్నీ చూసి ఇది మార్చండి అది మార్చండి అని చెప్తూ వచ్చారు, గని తవ్వకం ఆగిపోయాక కూడా అక్కడ స్మెల్టింగ్, అంటే లోహం కరిగించి తీసే పని, నడుస్తోంది కాబట్టి తనిఖీ ఆపలేదు. ఇప్పుడు నదిలో కాడ్మియం మామూలు నదుల్లో ఉండేంతకి వచ్చేసింది. పొలాలేమో పైమట్టిని కింద పూడ్చి కొండ మట్టి తెచ్చి పైన పరిచారు, 860 హెక్టార్ల పైన, 2012కి గానీ అవ్వలేదు, ఖర్చు 4 వేల కోట్ల యెన్‌ల పైనే. బాధితులుగా గుర్తింపు వచ్చింది దాదాపు 200 మందికి, అంతకు ముందే గుర్తింపు లేకుండా పోయిన వాళ్ళెందరో.

ఇక్కడి ఆడవాళ్ళకి అడగడం కొత్త కాదు లెండి, 1918లో బియ్యం ధర మండిపోతుంటే ఇక్కడి ఉవోజు రేవులో బియ్యం ఓడకెక్కించొద్దని అడ్డం పడ్డది జాలర్ల ఇళ్ళలోని ఆడవాళ్ళే, అది దేశమంతా పాకి ప్రధానమంత్రి తెరవుచి రాజీనామా దాకా వెళ్ళింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే మా ఊరి దగ్గర ఫ్యాక్టరీలు వచ్చాక మా బాబాయి వాళ్ళు ఇంటి బోరు నీళ్ళు తాగడం మానేశారు, పిన్ని వాటితో గిన్నెలు కడగడానికి కూడా భయపడుతుంది. వాసనొస్తోందని ఎవరికి చెప్పాలో తెలీదు, గేటు దగ్గర సెక్యూరిటీ దాటనివ్వరు, శాంపిల్ అని సీసాలో పట్టుకెళ్ళిన వాళ్ళు రిజల్ట్ చెప్పరు. ఆ నీళ్ళలో ఏముందో నాకు తెలీదు, తెలుసుకునే దారి లేకపోవడమే నా బాధ. ఉద్యోగాలు వద్దనట్లేదు, మా తమ్ముడు కూడా అలాంటి కంపెనీలోనే చేస్తున్నాడు.

అందుకని మీ పేపరు ద్వారా అడుగుతున్నాను. టొయామాకి వచ్చే మన మంత్రులూ అధికారులూ ఫ్యాక్టరీలతో పాటు ఇక్కడి ఇటాయి ఇటాయి మ్యూజియంకి కూడా వెళ్ళాలి, 2012లో ప్రిఫెక్చర్ ప్రభుత్వమే పెట్టింది, టికెట్ కూడా లేదు, ఒక పూట చాలు. తమ ప్రాంతంలో జరిగిన ఘోరాన్ని దాచకుండా స్కూలు పిల్లల్ని తీసుకొచ్చి మరీ చూపిస్తున్నారు. అలాగే ఇకపై ఫార్మా పార్కులకి భూమి ఇచ్చేటప్పుడే, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు తమకి నమ్మకమున్న నిపుణుల్ని వెంటబెట్టుకుని ఏటా లోపలికెళ్ళి చూసే హక్కు, ఆ ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలనే షరతు ఒప్పందంలోనే రాయాలి. ఇప్పటికే నడుస్తున్న వాటికి కూడా ఇది వర్తించాలి. మీ విలేకరులు ఈ 1972 ఒప్పందం గురించి వివరంగా రాస్తే మా ఊరి పంచాయతీ వాళ్ళకి చూపించుకుంటాం.

ఇట్లు,
అనకాపల్లి జిల్లా పాఠకురాలు, ప్రస్తుతం టొయామా