పట్టుబడ్డోడి ఫోటో వేస్తున్నారు సరే, మానాలనుకున్నోడి సంగతేటండీ?

ఎడిటర్ గారికి నమస్కారం. మాది విజయనగరం, ఆర్టీసీలో కండక్టర్ని, ఇరవై రెండేళ్ల సర్వీసు. మీ పేపరు రోజూ కాంప్లెక్స్ దగ్గర టీ బడ్డీలో చదువుతాను, కొని చదివేది తక్కువే లెండి, దాచడం ఎందుకు. మొన్న జిల్లా పేజీలో ఒక ఫోటో వేశారు. ఐదుగురు కుర్రాళ్లని నేలమీద కూర్చోబెట్టి ముందర గంజాయి పొట్లాలు పేర్చి వెనకాల పోలీసోళ్లు నిలబడ్డ ఫోటో. ఇలాంటివి వస్తూనే ఉంటాయి, జనం చూసి పేజీ తిప్పేస్తారు, మా ఇంట్లో జరిగేదాకా నేనూ అలాగే తిప్పేసేవాణ్ణి. మొన్న మాత్రం ఆ చివర కూచున్న కుర్రాడి గళ్ల చొక్కా చూసి మా అబ్బాయేనేమో అని కాళ్లు వణికాయి. కాదు లెండి, మావాడు ఆ టైముకి పనిలో ఉన్నాడు, అయినా ఫోన్ చేసి వాడి గొంతు విన్నాకే టీ గొంతు దిగింది.

నేను చాలా ఏళ్లు ఎస్.కోట మీదుగా అరకు వెళ్లే రూట్లో తిరిగాను. సీటు కింద ఎవరిదో తెలీని బ్యాగు ఉంటుంది, అడిగితే నాది కాదంటే నాది కాదంటారు, ఘాటు మాత్రం బస్సంతా. చెకింగ్‌లో కుర్రాళ్లని దింపి తీసుకెళ్తుంటే "వీళ్ల అమ్మానాన్నలు ఏటి చేస్తన్నారో" అని డ్రైవర్‌తో అన్నాను ఒకసారి, బాగా గుర్తు. ఏం చేస్తున్నారో తర్వాత నాకే తెలిసొచ్చింది, డ్యూటీ చేస్తున్నారు. నైట్ హాల్ట్ చేసి తెల్లారి ఇంటికొచ్చేసరికి కొడుకు పడుకుని ఉంటాడు, మనం లేచేసరికి వాడు కాలేజీకి వెళ్లిపోయుంటాడు, ఇంక చూసేదెక్కడ.

మావాడు పాలిటెక్నిక్ రెండో ఏడు. బ్యాగులో కళ్లలో వేసుకునే చుక్కల మందు దొరికింది, గదిలో ఎప్పుడూ లేనిది అగరొత్తులు వెలిగించడం మొదలెట్టాడు, మా ఆవిడ కుర్రాడికి భక్తి వచ్చిందని మురిసిపోయింది కూడా, చుక్కలు కళ్ల ఎరుపు కనపడకుండా, అగరొత్తులు గంజాయి వాసన తెలీకుండా అని ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. తర్వాత నిద్రపోవడం మానేశాడు, వీధి చివర బైకు ఆగితే నాకోసమే వచ్చారు నాన్నా అనేవాడు, కిటికీలకి పేపర్లు అంటించాడు (మీ పేపరే అండి). మేము గాలి సోకిందనుకున్నాం. తాయెత్తు కట్టించాం, పైడితల్లమ్మకి మొక్కాం, అలా నాలుగు నెలలు పోయాయి. గంజాయి రోజూ తాగితే కొంతమందికి ఇలా అనుమానాలు, చెవిలో మాటలు వినపడ్డం వస్తాయని, చిన్న వయసులో మొదలెట్టినోళ్లకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువని తర్వాత డాక్టర్ గారు చెప్పారు. మొక్కే కదా అలవాటవ్వదు అని చెప్పుకుంటారు చూడండి కుర్రాళ్లు, ఆ మాట నేనూ నమ్మినోణ్ణే. మానినప్పుడు ఒకట్రెండు రోజుల్లోనే చిరాకు మొదలు, ఆకలుండదు, నిద్రుండదు, రాత్రిళ్లు దుప్పటి తడిసిపోయేంత చెమట, మొదటి వారం మరీ నరకం. అలవాటు కానిదైతే ఇవన్నీ ఎందుకొస్తాయి?

ముందు తాగుడు, గంజాయి మాన్పించే ఒక ప్రైవేటు సెంటర్లో పెట్టాం, పేరు రాయను. ఆటో వెనకాల స్టిక్కర్ చూసి వెళ్లాం, అంతకంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు. పీఎఫ్ లోన్ పెట్టి డబ్బు కట్టాను. మూడు నెలలు, ఫోన్ లేదు, చూడ్డానికి రానివ్వలేదు, డాక్టర్ వారానికోసారి వస్తాడన్నారు గానీ మావాడు చూసింది రెండుసార్లే, ఎదురు మాట్లాడినోణ్ణి మంచానికి గొలుసేసి కట్టేసేవారట. 2017 లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం గొలుసులు వెయ్యడం నేరమని, తాగుడుకీ గంజాయికీ బానిసలైనోళ్లు కూడా ఆ చట్టం కిందకే వస్తారని, పేషెంటుకి ఇంటోళ్లతో మాట్లాడే హక్కుందని నాకు అప్పుడు తెలిస్తే కదా. రిజిస్ట్రేషన్ ఉందా అని అడగాలని కూడా తెలీదు. బస్సులో హాఫ్ టికెట్ పిల్లాడి వయసు గుచ్చి గుచ్చి అడిగేవాణ్ణి, కొడుకుని అప్పజెప్పేటప్పుడు ఒక్క ప్రశ్న అడగలేదు.

మావాడు ఒళ్లు చేసి తెల్లగా వచ్చాడు. పంతొమ్మిది రోజులు బాగానే ఉన్నాడు, ఇరవయ్యో రోజు మళ్లీ తాగాడు. బంధువులందరూ బూడిదలో పోసిన పన్నీరు అన్నారు, నేనూ చెయ్యెత్తాను వాడి మీద, ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు వైజాగ్ చినవాల్తేరు గవర్నమెంట్ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లాను. మన ఊరు వదిలి అరవై కిలోమీటర్లు ఎందుకు వెళ్లావని మీరడగొచ్చు. సిగ్గండీ, ఇంకేం లేదు. ఇక్కడ ఓపీ లైన్లో నిలబడితే అందులో సగం మంది నా బస్సు ఎక్కినోళ్లే ఉంటారు. అక్కడ డాక్టర్ గారు మావాణ్ణి ఎందుకు తాగావు అని అడగలేదు, ఎన్ని గంటలకి, ఎక్కడ, పక్కన ఎవరున్నారు, అప్పుడు ఆకలిగా ఉన్నావా, నిద్ర సరిపోయిందా అని అడిగారు. సాయంత్రం ఆరున్నర, పెద్ద చెరువు గట్టు, పాత ఫ్రెండు, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు అన్నాడు వాడు. అయితే ముందు ఆ ఆరున్నర సంగతి చూద్దాం అన్నారాయన. గంజాయి మాన్పించడానికంటూ ప్రత్యేకంగా మాత్ర లేదట, నిద్రకీ ఆ అనుమానాలకీ మాత్రమే మందులిచ్చారు, మిగతాదంతా కూర్చోబెట్టి మాట్లాడ్డమే. ఇప్పుడు వాడు ఐదింటికి ఏసీ మెకానిక్ షెడ్డుకి వెళ్తాడు, తొమ్మిదికి వస్తాడు. ఆ షెడ్డు యజమానికి విషయం మొత్తం చెప్పాను, పర్లేదు పంపించండి అన్నాడు, ఆ ఒక్క మాటకి నేను ఆయనకి జన్మంతా రుణపడి ఉంటాను. రెండు వారాలకోసారి వాల్తేరు వెళ్తాం. నాకంటే బస్సు పాసు ఉంది, కూలికెళ్లేవాడు రోజు కూలీ పోగొట్టుకుని చార్జీ పెట్టుకుని ఎన్నిసార్లు తిరుగుతాడు చెప్పండి.

డిపోలో ఇంకో కథ. మా డ్రైవర్ ఒకాయన బాగా మందు తాగుతాడు, వాళ్లావిడ గోడ మీద ప్రకటన చూసి తాగుడు మాన్పించే పొడి తెప్పించి సాంబార్లో కలిపేది ఆయనకి తెలీకుండా. ఒకరోజు తాగొచ్చాక ఒళ్లంతా ఎర్రబడి వాంతులై బీపీ పడిపోయి ఎమర్జెన్సీకి మోసుకెళ్లాం. డైసల్ఫిరామ్ అనే మందు అలాగే పనిచేస్తుందట, మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టర్ చూస్తుండగా ఇవ్వాల్సింది, దొంగతనంగా పెడితే ప్రాణం మీదకొస్తుంది. అలాగే రోజూ ఫుల్లుగా తాగేవాడు ఒట్టేసి ఒక్కసారిగా మానేసినా ప్రమాదమేనట, రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పొచ్చు, అందుకే ఆసుపత్రిలో ఉంచి మాన్పించాలి. ఎయిమ్స్ వాళ్లతో కేంద్రం చేయించిన సర్వే 2019 లో వచ్చింది, మందుకి బానిసలైనోళ్లు 38 మంది ఉంటే అందులో ఒకడికే ఏదో ఒక వైద్యం, ఆసుపత్రిలో పడక మీద వైద్యమైతే 180 మందిలో ఒకడికి. మిగిలినోళ్లందరూ తాయెత్తులు, సాంబారు పొడులేనన్నమాట.

ఇంక మీ పేపరు సంగతి. పట్టుకున్న వార్త వెయ్యొద్దని నేననను, అమ్మేవాడి మీద నాకు జాలి లేదు. కానీ తాగి దొరికిన పద్దెనిమిదేళ్లోడి మొహం కనపడేలా వేస్తే రేపు వాడు మానేసినా షెడ్డులో పనెవడిస్తాడు? మత్తుమందుల కేసులు పెట్టే 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉంది, తాగిన కేసులోనో కొంచెం సరుకుతోనో దొరికిన బానిస తనంతట తాను గవర్నమెంటు ఆసుపత్రిలో గానీ గవర్నమెంటు గుర్తించిన చోట గానీ వైద్యానికి చేరి అది పూర్తి చేస్తే ఆ కేసులో ప్రాసిక్యూషన్ ఉండదు, మధ్యలో మానేస్తే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది. ఈ ముక్క నేను మీ పేపర్లో ఎప్పుడూ చూళ్లేదు, ఒక లాయరు బస్సులో చెప్తే తెలిసింది. అమ్మేవాళ్ల గురించి చెప్పడానికి గంజాయిని పట్టుకునే పోలీసు విభాగం ఈగల్ వాళ్ల 1972 నెంబరు వేస్తున్నారు, మంచిదే, దాని పక్కనే మానాలనుకున్నోళ్లు ఉచితంగా చేసే 14446, మనసు బాగోనోళ్లకి టెలీ మానస్ 14416 కూడా వెయ్యండి. ఎంతండీ, రెండు లైన్లు. పిడకల ప్రకటనలో సగం జాగా కూడా పట్టదు. మన ఊళ్లో 2023 లో గవర్నమెంట్ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది కదా, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక గదిలో వీళ్లకోసం ఓపీ, కౌన్సెలింగ్ నడపగలరేమో మీ రిపోర్టర్ని పంపి అడిగించండి. పగలు పెడితే పనిచేసుకునే కుర్రాడు రాడు, ఆరున్నరకే కదా వాడికి మనసు లాగేది. బోర్డు మీద డీ అడిక్షన్ అని పెద్దక్షరాలతో రాయకపోతే నాలాంటోళ్లు ఇంకో పదిమంది వస్తారు.

ఈ ఉత్తరం రాసి మావాడికి చదివి వినిపించాను. అంతా విని చెరువు గట్టు దగ్గర ఆగాడు, అది తీసేస్తావేమో అనుకున్నాను, ఉంచు నాన్నా, అక్కడే కూచుంటన్నారు ఇప్పటికీ అన్నాడు. పేరు మాత్రం వెయ్యొద్దన్నాడు. వాడిదే కాదు, నాది వేసినా వాణ్ణి గుర్తుపట్టేస్తారు, కాబట్టి కింద పేరు రాయట్లేదు, ఏమీ అనుకోకండి.

ఒక కండక్టర్, విజయనగరం