బంకు బోర్డును బట్టే ధరల అంచనా

సంపాదకులకు,

ద్రవ్యోల్బణం తగ్గిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ, మరి మన ఇంటి ఖర్చు ఎందుకు తగ్గలేదన్న ప్రశ్న కిరాణా కొట్టు దగ్గర వినిపిస్తూనే ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు నగరాల్లోని కుటుంబాలను అడిగి జరిపే సర్వేల్లోనూ జనం చెప్పే ధరల పెరుగుదల ప్రభుత్వ సూచీ చూపేదానికంటే సాధారణంగా ఎక్కువే. దీనిని అవగాహన లేకపోవడంగా కొట్టిపారేయలేం. ఇంధన ధరలను మన ప్రభుత్వాలు నడిపిన తీరే ఇందుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం.

2012 ఆధార సంవత్సరంగా ఏళ్ల తరబడి లెక్కించిన, ద్రవ్యోల్బణాన్ని కొలిచే వినియోగదారుల ధరల సూచీలో వంటగ్యాసు, కరెంటు, కట్టెలు వంటివాటి వాటా 6.84 శాతమే, పెట్రోలు, డీజిల్ ఆ పద్దులో కాక రవాణా కింద ఉండేవి. ఆహారం వాటా 45 శాతం పైచిలుకు. కానీ మదనపల్లె టమాటా మార్కెట్‌కు చేరేది డీజిల్ మీదే కాబట్టి ఇంధనం ఆ 45 శాతంలోకీ చొరబడుతుంది. పైగా లారీ కిరాయి మాట్లాడేవారు, ఆటో చార్జీ అడిగేవారు సూచీని చూడరు, బంకు ముందున్న బోర్డును చూస్తారు. రేపు ఇంకా పెరుగుతుందేమోనన్న అనుమానాన్ని సైతం ఇవాళే కిరాయిలో కలిపేస్తారు.

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. పెట్రోలుపై 2010లో, డీజిల్‌పై 2014లో ప్రభుత్వ ధరల నియంత్రణ ఎత్తివేసినప్పుడు అంతర్జాతీయ ధరను బట్టి ఇక్కడి ధర పెరుగుతుంది, తగ్గుతుంది అన్నారు. 2020లో ముడిచమురు కుప్పకూలితే, మే నెలలో కేంద్రం సుంకాన్ని లీటరు పెట్రోలుపై 10, డీజిల్‌పై 13 రూపాయలు పెంచి ఆ మిగులును తానే తీసుకుంది (ఖజానా కటకటలాడిన రోజులవి, కాదనను). 2021 నవంబరు నుంచి అయిదు రాష్ట్రాల ఎన్నికలు ముగిసేదాకా కదలని ధర, 2022 మార్చి 22 నుంచి పక్షం రోజుల్లో సుమారు 10 రూపాయలు ఎగబాకింది. యుక్రెయిన్ యుద్ధం, వంటనూనెల ధరలు కూడా తోడై ఆ ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరింది. మే నెలలో సుంకం తగ్గించిన మాట నిజమే గానీ, పెరిగిన కిరాయిలు దిగిరావడం నేను చూడలేదు. ధరలను అదుపు చేయడానికని రిజర్వ్ బ్యాంకు వడ్డీ పెంచుతూ పోవడంతో, మరుసటి ఫిబ్రవరికల్లా రెపో రేటు (బ్యాంకులకు అది ఇచ్చే అప్పుపై వడ్డీ) 4 నుంచి 6.5 శాతానికి పెరిగి, ఇంటి రుణం ఉన్నవారిపై ఆ భారం కూడా పడింది.

ముడిచమురు ఎంత తగ్గితే చిల్లర ధర ఎంత తగ్గిస్తారో, అందులో సుంకంగా ఎంత మిగుల్చుకుంటారో కేంద్రం ముందే ప్రకటించాలి. లీటరు ధరలో కంపెనీకి, కేంద్రానికి, రాష్ట్రానికి, డీలరుకు వెళ్లేది ఎంతో ప్రతి బంకులో రాసి పెట్టాలి. ఇంధనంపై వ్యాట్ (రాష్ట్రాలు వేసే అమ్మకపు పన్ను) ఎక్కువగా వసూలు చేసే రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి కనుక ఆ పనిని ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

– విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి