వెనక చక్రానికి 20 పుల్లలు (స్పోకులు) ఇక కట్టను

పోయిన ఏడాది నా దగ్గర రోడ్ బైక్ (సన్న టైర్ల రేసు సైకిల్) చక్రాలు కట్టించుకున్నవాళ్లకి ఒక మాట చెప్పాలి. వెనక 20 పుల్లలు వేయించుకున్నవాళ్లు మాత్రం తప్పకుండా చదవండి. అలాంటివి 14 కట్టాను. 5 తిరిగొచ్చాయి. ఐదింట్లోనూ తెగింది ఎడమవైపు పుల్లే, అదీ హబ్బులో (చక్రం నడిమధ్య ఇరుసు చుట్టూ తిరిగే భాగం) వంగే మెడ దగ్గరే.

మొదటిది వచ్చినప్పుడు తప్పు గుంతల మీదికి తోసేశాను. హైదరాబాద్‌లో ఆ సాకు ఎప్పుడూ చేతికందేలా ఉంటుంది. మూడోది తెచ్చిన అన్న 300 కిలోమీటర్ల బ్రెవేకి (గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) వెళ్లాడు. వికారాబాద్ దాటాక పుల్ల తెగింది, టైరు ఫ్రేముకి రాసుకోవడం మొదలైంది, సైకిల్‌ని ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చాడు. అదే 32 పుల్లల చక్రమైతే ఒకటి తెగినా బ్రేకు కాస్త వదులు చేసుకుని మెల్లగా ఇల్లు చేరేవాడు. 20లో ఒకటి పోతే మిగిలినవి ఆ చోటు పూడ్చలేవు. ఆయన బరువు 88 కిలోలు. ఆర్డర్ తీసుకునేటప్పుడు నేనే అడిగి పుస్తకంలో రాసుకున్నాను. రాసుకుని కూడా కట్టాను.

అసలు సంగతేంటంటే, వెనక హబ్బులో కుడివైపు చోటంతా 11 గేర్ల క్యాసెట్ (గేర్ల పళ్ల చక్రాల కట్ట) తినేస్తుంది. రిమ్ము నడిమధ్యన నిలవాలంటే కుడి పుల్లలు దాదాపు నిటారుగా, బాగా బిగుతుగా ఉండాలి. ఎడమవి ఏటవాలుగా, వదులుగా మిగులుతాయి. నేను వాడిన రిమ్ముకి 120 కేజీల బిగుతు హద్దు. కుడివైపు 118 దాకా లాగినా ఎడమవైపు బిగుతు మీటరు 55 దాటలేదు. వేలితో మీటితే కుడిది టింగుమంటుంది, ఎడమది డబ్‌మంటుంది. ఆ డబ్‌మనే చప్పుడు విన్నాను, విని కూడా ప్యాక్ చేసేశాను.

చక్రం నేలకి ఆనిన చోట రిమ్ము కాస్త నొక్కుకుని అక్కడి పుల్లల బిగుతు తగ్గుతుంది, పైకి వెళ్లాక మళ్లీ వస్తుంది. 55లో ఉన్న పుల్ల, బరువైన మనిషి గుంతలో దిగేసరికి పూర్తిగా వదిలేస్తుంది. 700సీ చక్రం (రోడ్ బైక్‌లకి వేసే సైజు) కిలోమీటరుకి దాదాపు 475 సార్లు తిరుగుతుంది. 300 కిలోమీటర్లకి లక్షా నలభై వేలు దాటుతుంది. తీగని అటూ ఇటూ వంచి వంచి తెంపుతాం చూడండి, అదే ఇది.

దీనికి నా అతితెలివి ఒకటి తోడైంది. ఎడమవైపు ఈ చివర నుంచి ఆ చివరదాకా 2 ఎంఎం మందం ఉన్న సాదా పుల్లలు వేశాను, మందంగా ఉంటే గట్టి కదా అని. లెక్క తిరగబడింది. నడుమ 1.5 ఎంఎంకి సన్నబడే పుల్ల అంతే బిగుతుకి ఎక్కువ సాగుతుంది కాబట్టి రిమ్ము నొక్కుకున్నా ఇంకా కొంత సాగు మిగిలే ఉంటుంది, అంత తేలిగ్గా వదలదు.

తక్కువ పుల్లలే తప్పని కాదు. ఇటలీ సైకిల్ భాగాల కంపెనీ కంపాన్యోలో వాళ్లు వెనక 21తోనే నడిపించారు. కానీ కుడివైపు 14, ఎడమవైపు 7 పెట్టారు, అందుకే ఎడమవాటికీ మంచి బిగుతు దొరుకుతుంది. దానికి హబ్బే వేరు. నేను మామూలు హబ్బు తీసుకుని, పుల్లలు మాత్రం తగ్గించాను. మా నాన్న కట్టిన పాత బండ్లకి ముందు 32, వెనక 40 ఉండేవి. నా 20 పుల్లల చక్రం చూసి “మిగతావి రేపు వేస్తావారా?” అన్నారు. అప్పుడు నవ్వాను.

ఇప్పుడు చేసేది ఇది. ఆ 14 మందికీ ఎడమవైపు పుల్లలన్నీ సన్నవి వేసి, బిగుతు మళ్లీ చూసి ఇస్తాను, డబ్బులేమీ వద్దు. 20 బెజ్జాల రిమ్ముకి 24 వేయడం కుదరదు కాబట్టి 75 కిలోలు దాటినవాళ్లు రిమ్ము, హబ్బు తిరిగిచ్చేయండి, కొన్న ధరలో సగం తగ్గించి 28 పుల్లల చక్రం కడతాను. మొత్తం వెనక్కి ఇచ్చేంత డబ్బు నా దగ్గర లేదు. ఇకమీదట వెనక 24కి తగ్గను, 75 దాటితే 28. ముందు చక్రం రిమ్ బ్రేక్ అయితే 20 కడతాను, డిస్క్ అయితే 24. జత బరువు ఓ యాభై అరవై గ్రాములు పెరుగుతుంది. ఆ మాత్రం నీళ్లు సీసాలో తక్కువ పోసుకోండి.

పని ఎక్కువైంది, కొత్త ఆర్డర్లకి నెల పడుతుంది. బరువు అడిగితే నిజం చెప్పండి, పెళ్లినాటి బరువు కాదు. చక్రం తెచ్చేటప్పుడు టైరు తీసేసి తెండి. ట్యూబ్‌లెస్ వాళ్లు సీలెంట్ (పంక్చర్ పూడ్చే ద్రవం) కడిగి మరీ తెండి, పోయినసారి ఒకాయన చక్రం నుంచి కారింది నా బల్ల మీద ఇంకా వదల్లేదు.