అమ్మ ఊదిన గొట్టం

బావా,

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. వెంటనే రాయలేకపోయింది అమ్మ వల్ల. కంగారు పడకు, ఇప్పుడు నయం. నిన్న పెరట్లోకి వెళ్ళి కరివేపాకు కోసుకొచ్చింది, ఆయాసంతో మధ్యలో ఒక్కసారే ఆగింది.

ఆ దగ్గు నాలుగేళ్ళ నుంచీ ఉన్నదే కదా. ఒకరు ఉబ్బసం అన్నారు, ఒకరు చలిగాలి పడలేదన్నారు, సీసాల కొద్దీ సిరప్ తాగించాం. ఒక్కరూ ఊపిరి కొలిచి చూడలేదు, అదే నా బాధ. ఈసారి కాకినాడలో ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించాను. చుట్ట అలవాటుందా అని అడిగితే అమ్మ నొచ్చుకుంది. "మరి వంట దేనిమీద చేసేవారమ్మా?" అన్నాడాయన. కొబ్బరి డొక్కలు, మట్టలు, సరుగుడు పుల్లలు, వానాకాలం చెమ్మగిల్లిన పిడకలు... అమ్మ చెబుతూనే ఉంది. గ్యాసు వచ్చేదాకా ముప్ఫై ఏళ్ళు ఆ పొగలోనే.

తర్వాత స్పైరోమెట్రీ, అంటే ఊపిరి కొలిచే పరీక్ష. ముక్కుకి క్లిప్పు పెట్టి, చేతికో గొట్టం ఇచ్చి, "ఊదండి మామ్మగారూ, ఆపకండి, ఇంకా, ఇంకా" అని ఆ అమ్మాయి ఒకటే అరుపు. అమ్మ కాస్త ముందుకి వంగి, కళ్ళు మూసుకుని ఊదుతుంటే మా పాత వంటిల్లు కళ్ళముందు కదిలింది బావా. ఊదుగొట్టం పట్టుకున్నప్పుడూ అదే వంపు. అప్పుడు నిప్పు రాజుకునేది. ఇప్పుడు తెరమీద గీత లేవలేదు. గట్టిగా ఊదినప్పుడు మొత్తం గాలిలో కనీసం 70 శాతం మొదటి సెకనులోనే బయటికి రావాలట. మందు పీల్చాక కూడా అమ్మకి వచ్చింది 52. సీఓపీడీ అని రాశాడు, గాలిని సరిగా బయటికి రానివ్వని దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు.

ఆ రాత్రి నుంచీ దాని గురించే చదువుతున్నాను. పొగే ఊపిరితిత్తుల్ని తినేస్తుందనుకునేవాణ్ణి. సగమే నిజం. ఊపిరితిత్తుల చివర సన్నటి గాలి తిత్తులుంటాయి కదా, వాటిలో మాక్రోఫేజులనే కణాలు కాపలా తిరుగుతూ దుమ్మూ క్రిమీ ఏది వచ్చినా మింగేస్తాయి. పొయ్యి దగ్గర బతికినవాళ్ళ మాక్రోఫేజుల్లో నల్లటి మసి మైక్రోస్కోపులో కనిపిస్తుందట! ఆ మసి రోజూ వచ్చి పడుతుంటే అవి రసాయనాలు వదిలి సాయం పిలుస్తాయి. రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి పడతాయి. వాటి చేతిలో ఎలాస్టేజ్ అనే ఎంజైము ఉంటుంది. క్రిముల్ని చంపడానికి ఉన్నదే, కానీ తిత్తుల గోడల్లో రబ్బరులా సాగే ఎలాస్టిన్ పోగుల్నీ అదే కోసేస్తుంది. పీల్చిన గాలిని బయటికి తోసేది ఆ సాగుడే. అది పోతే గాలి లోపలే చిక్కుకుంటుంది. అమ్మ గీత ఎందుకు లేవలేదో అప్పుడు తెలిసింది.

ఎలాస్టేజ్‌కి కళ్ళెం వేసే ప్రోటీన్ ఒకటి మన కాలేయమే తయారుచేస్తుంది, ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అని. అది పుట్టుకతోనే లోపించినవాళ్ళని 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అనే పరిశోధకులు గుర్తించారు. వాళ్ళలో కొందరికి చిన్న వయసులోనే ఊపిరితిత్తులు పాడయ్యాయి. పొగ ఈ కళ్ళేన్ని కూడా పనిచెయ్యనివ్వదు.

కంచే చేను మేసిందని తమ్ముడన్నాడు. నాకు మాత్రం ఆ కణాలమీద కోపం రాలేదు. ముప్ఫై ఏళ్ళు సెలవు లేకుండా వాటి పని అవి చేశాయి. కోపమంతా పొగగొట్టం లేని ఆ వంటింటిమీదే.

గ్యాసు వచ్చి ఇన్నేళ్ళయినా జబ్బు ఎందుకు ఆగలేదని డాక్టర్ని అడిగాను. పొగ పోయినా వాపు పోదట. క్రిమి సోకిన కణాల్ని చంపాల్సిన టీ కణాలు కూడా అక్కడే తిష్ఠ వేస్తాయి. మాక్రోఫేజులేమో క్రిముల్ని మునుపటిలా మింగలేవు, అందుకే ప్రతి జలుబూ ఛాతీలోకి దిగుతోంది. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించాం. రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే మరో రకం తెల్ల రక్తకణాలు మైక్రోలీటరుకి 300 దాటాయని ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ కూడా కలిపాడు. ఆ కణాలు ఎక్కువున్నవాళ్ళకే అది బాగా పనిచేస్తుందట. పీల్చాక నోరు పుక్కిలించమని రోజూ గుర్తుచేస్తున్నాను. పోయిన పోగులు తిరిగి రావు, అది ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది.

అత్తయ్య కూడా అలాంటి పొయ్యి దగ్గరే కదా వండింది. మెట్లెక్కితే ఆయాసమని పోయిన ఉత్తరంలో రాశావు. వయసు అని వదిలెయ్యకు. ఈ వారమే తీసుకెళ్ళి ఊదే పరీక్ష చెయ్యమని నువ్వే అడుగు, శాతం ఎంతొచ్చిందో నాకు ఫోన్ చెయ్యి.

నీ బావ